సర్కారు పెట్టిన ఫ్యాక్టరీలు, సర్కారు ఇచ్చిన లైసెన్సులు: హైదరాబాద్‌లో పరిశ్రమ ఎలా పెరిగింది?

బల్క్ డ్రగ్స్‌కు (మందుల్లో వాడే ముడి రసాయనాలకు) పీఎల్ఐ అనే ప్రోత్సాహకం, చిప్‌ల తయారీకి సబ్సిడీ, దిగుమతుల మీద సుంకాలు. కొన్నేళ్లుగా ఈ మాటలు వార్తల్లో ఎక్కువగా వినిపిస్తున్నాయి. వాటి వెంటే పాత గొడవ ఒకటి మళ్లీ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం పరిశ్రమల్లో వేలు పెట్టడం వల్లే దేశం నలభై ఏళ్లు వెనకబడిందని కొందరు అంటారు. ఆ రోజుల్లో ప్రభుత్వం ఫ్యాక్టరీలు పెట్టకపోతే ఇవాళ మన దగ్గర ఇంజనీర్లు, కెమిస్టులు ఎక్కడినుంచి వచ్చేవాళ్లని ఇంకొందరు అడుగుతారు.

ఈ రెండు మాటలకూ హైదరాబాద్‌లో సాక్ష్యం దొరుకుతుంది. బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, ఐడీపీఎల్, హెచ్ఏఎల్, హెచ్ఎంటీ అనే కేంద్ర ప్రభుత్వ కంపెనీల పేర్లు ఇక్కడ బస్టాపులకూ కాలనీలకూ స్థిరపడిపోయాయి. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి, కొన్ని మూతపడ్డాయి, కొన్నిటి చుట్టూ వేరే పరిశ్రమే పుట్టుకొచ్చింది. ఒకే దేశం, ఒకే కాలం, ఒకే నగరం అయినప్పుడు ఫలితాల్లో ఇంత తేడా ఎందుకు వచ్చింది? ప్రభుత్వ విధానం అని మనం ఒకే ముద్దగా చెప్పుకునేదాన్ని విడదీసి చూస్తేనే దీనికి జవాబు దొరుకుతుంది.

1947 నాటికి చేతిలో ఏముంది?

స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశం మొత్తం విద్యుత్ స్థాపిత సామర్థ్యం 1,362 మెగావాట్లు. ఇవాళ ఒక్క పెద్ద థర్మల్ స్టేషన్ అంతకన్నా ఎక్కువ ఇస్తుంది. ఉక్కు ఏడాదికి సుమారు 10 లక్షల టన్నులు. బట్టల మిల్లులు, జనపనార మిల్లులు, చక్కెర ఫ్యాక్టరీలు ఉన్నా వాటిలో తిరిగే యంత్రాలు దాదాపు అన్నీ విదేశాలవే. బాయిలర్ పాడైతే విడిభాగం ఓడలో రావాలి.

ప్రభుత్వమే ముందుకు రావాలని అప్పట్లో అడిగింది సోషలిస్టులు మాత్రమే అనుకుంటే పొరపాటు. జేఆర్‌డీ టాటా, ఘనశ్యామ్ దాస్ బిర్లా లాంటి పారిశ్రామికవేత్తలు కలిసి 1944లో తయారుచేసిన బొంబాయి ప్రణాళిక కూడా దాదాపు అదే చెప్పింది. భారీ పరిశ్రమలకు కావలసిన పెట్టుబడి ప్రైవేటు చేతుల్లో లేదు, ఉన్నవాళ్లు అంత రిస్క్ తీసుకోరు, కాబట్టి ప్రభుత్వమే మొదలుపెట్టాలి, దేశీయ పరిశ్రమకు విదేశీ పోటీ నుంచి కొంతకాలం రక్షణ ఇవ్వాలి. అప్పటి ఏకాభిప్రాయం అది.

హైదరాబాద్ సంస్థానానికి ఇది కొత్త సంగతేమీ కాదు. నిజాం ప్రభుత్వం 1929లోనే ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ పెట్టి కంపెనీల్లో వాటాలు కొంది. బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ, సిర్పూర్‌లో కాగితం మిల్లు, నగరంలో ఆల్విన్, ప్రాగా టూల్స్ ఆ కాలంలో వచ్చినవే. సర్కారు డబ్బుతో పరిశ్రమ నడపడం ఢిల్లీ కన్నా ముందు ఇక్కడి అధికారులకు తెలుసు.

విత్తనం దాచాలా, వండుకోవాలా?

1948 ఏప్రిల్‌లో తొలి పారిశ్రామిక విధాన తీర్మానం వచ్చింది. 1951లో పరిశ్రమల అభివృద్ధి, నియంత్రణ చట్టం వచ్చింది. 1956 ఏప్రిల్‌లో రెండో తీర్మానం పరిశ్రమలను మూడు వర్గాలుగా పంచింది. ఉక్కు, భారీ యంత్రాలు, అణుశక్తి, విమానాలు వంటి 17 పరిశ్రమల భవిష్యత్తు ప్రభుత్వ బాధ్యత. మందులు, ఎరువులు, మెషిన్ టూల్స్ వంటి మరో 12 పరిశ్రమల్లో ప్రభుత్వం క్రమంగా ముందుకొస్తుంది, ప్రైవేటువాళ్లూ ఉండొచ్చు. మిగతావన్నీ ప్రైవేటు రంగానివి, లైసెన్సు తీసుకోవాలి.

దీని వెనక ఉన్న ఆర్థిక తర్కం గణాంక శాస్త్రవేత్త పీసీ మహలనోబిస్‌ది. దేశం దగ్గర విదేశీ మారకం కొంచెమే ఉంది. దాంతో బట్ట కొంటే ఈ ఏడాది కట్టుకుంటాం. మగ్గాలు కొంటే ఏటా బట్ట వస్తుంది. మగ్గాలు తయారుచేసే యంత్రాలే కొంటే కొన్నేళ్లు ఓర్చుకోవాలి గానీ, ఆ తర్వాత మగ్గాల కోసం ఎవరినీ అడగనక్కర్లేదు. పండిన వడ్లలో ఎన్ని బస్తాలు విత్తనానికి దాచాలి, ఎన్ని వండుకోవాలి అని రైతు వేసుకునే లెక్కే ఇది. మహలనోబిస్ ఎక్కువ దాచమన్నాడు. రెండో పంచవర్ష ప్రణాళిక (1956–61) ఆ దారిలో నడిచింది.

అప్పుడే అభ్యంతరం చెప్పినవాళ్లూ ఉన్నారు. దేశం పొదుపు శక్తికి మించి పెట్టుబడి పెడితే ధరలు పెరుగుతాయని, నియంత్రణలు ప్రజాస్వామ్యానికి మంచివి కావని ఆర్థికవేత్త బీఆర్ షెనాయ్ 1955లో అసమ్మతి పత్రం రాశాడు. ముందు తిండి, బట్ట వంటి వస్తువుల ఉత్పత్తి పెంచాలని, కూలీలకు అవి చవగ్గా దొరికితే పరిశ్రమ దానంతట అదే విస్తరిస్తుందని సీఎన్ వకీల్, పీఆర్ బ్రహ్మానంద వాదించారు. ఆ భయాల్లో కొన్ని త్వరగానే నిజమయ్యాయి. 1957 కల్లా విదేశీ మారకం కరిగిపోయింది. 1965, 1966ల్లో వరుస కరువులు వచ్చాయి. 1966 జూన్‌లో డాలరు విలువ 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది. మూడేళ్లపాటు పంచవర్ష ప్రణాళికలే ఆగిపోయాయి. వ్యవసాయాన్ని తక్కువగా చూశారన్న విమర్శకు నాకు సరైన జవాబు కనిపించలేదు.

ఇక్కడికే ఎందుకు వచ్చాయి?

సరిహద్దులకూ సముద్రానికీ దూరంగా ఉండటం ఒక కారణం. 1962 యుద్ధం తర్వాత రక్షణ సంబంధమైన ఫ్యాక్టరీలకు ఇది ముఖ్యమైంది. నగరం చుట్టూ ఖాళీ భూమి ఉంది, సింగరేణి బొగ్గు దగ్గర, ఉస్మానియా నుంచి చదువుకున్నవాళ్లు వస్తున్నారు. పరిశ్రమ అంతా బొంబాయి, కలకత్తా చుట్టూనే పోగుపడకూడదన్న విధానం కూడా పనిచేసింది.

ఆ పదేళ్లలో నగరం చుట్టూ ఫ్యాక్టరీలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చాయి. రామచంద్రాపురంలో చెకోస్లోవేకియా సాయంతో టర్బైన్లు తయారుచేసే కర్మాగారం, ఇవాళ్టి బీహెచ్ఈఎల్, పెట్టారు. బాలానగర్ వైపు సోవియట్ సాయంతో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, దాని దగ్గర్లోనే హెచ్ఏఎల్ వచ్చాయి. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1970లో క్షిపణులు చేసే బీడీఎల్, 1971లో అణు ఇంధనం చేసే న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్, 1973లో ప్రత్యేక లోహాలు చేసే మిధాని మొదలయ్యాయి. ఈ పెద్ద ఫ్యాక్టరీలకు బోల్టులు, కాస్టింగులు, చిన్న భాగాలు చేసిపెట్టే ఎన్సిలరీ యూనిట్లు బాలానగర్, సనత్‌నగర్, కుషాయిగూడల్లో లేచాయి. 1968లో బాలానగర్‌లో పెట్టిన సీఐటీడీ అనే ప్రభుత్వ శిక్షణ సంస్థ టూల్ డిజైన్ నేర్పింది. ఇవాళ అంతరిక్ష, రక్షణ రంగాలకు భాగాలు చేసే చిన్న వర్క్‌షాపులు అదే బాలానగర్‌లో ఉండటం నాకు యాదృచ్ఛికంగా అనిపించదు.

ఇంకో విధానం పెద్దగా చర్చకు రాదు. 1956 నుంచి ఉక్కును దేశంలో ఎక్కడైనా ఇంచుమించు ఒకే ధరకు ఇచ్చేవారు, రవాణా ఖర్చును అందరి మీదా సర్దేవారు. జంషెడ్‌పూర్ పక్కన ఉన్న వర్క్‌షాపుకూ హైదరాబాద్ వర్క్‌షాపుకూ ఉక్కు ధర ఒకటే అయితే ఫ్యాక్టరీ జంషెడ్‌పూర్ పక్కన పెట్టాల్సిన పనేముంది? దక్షిణ, పశ్చిమ రాష్ట్రాలు లాభపడ్డాయి. గనులు ఉండి కూడా బీహార్ నష్టపోయింది. 1990ల మొదట్లో ఎత్తేసే దాకా ఇది నడిచింది. మన నగరం పెరుగుదలలో కొంత ఖర్చు వేరేవాళ్లు మోశారని ఒప్పుకోవాలి.

లైసెన్సు, కోటా, సుంకం: అసలు లెక్క

కొత్త ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెద్దగా విస్తరించాలన్నా, కొత్త వస్తువు తయారుచేయాలన్నా 1951 చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. ఒక కంపెనీకి ఏడాదికి 10,000 ఫ్యాన్లకు అనుమతి ఉందనుకుందాం. గిరాకీ 20,000కి పెరిగినా ఇష్టం వచ్చినట్టు రెట్టింపు చేయడానికి లేదు, మళ్లీ ఢిల్లీకి దరఖాస్తు పెట్టాలి. కావలసిన యంత్రం విదేశాలది అయితే దిగుమతి లైసెన్సు వేరు. విదేశీ భాగస్వామి ఉంటే ఆ అనుమతి వేరు. గుత్తాధిపత్యాన్ని అదుపు చేయడానికి 1969లో వచ్చిన ఎంఆర్‌టీపీ చట్టం పెద్ద సంస్థలకు ఇంకో మెట్టు కలిపింది.

కొద్దిపాటి వనరులు విలాస వస్తువులకు పోకూడదు, సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకూడదు. ఉద్దేశం ఇది. 1960ల చివర్లో ప్రభుత్వమే వేసిన కమిటీలు పరిశీలిస్తే తేలింది వేరు. దరఖాస్తులు నింపే ఓపిక, ఢిల్లీలో ఆఫీసు ఉన్న పెద్ద సంస్థలే ఎక్కువ లైసెన్సులు పట్టేశాయి. కొన్ని సంస్థలు ఫ్యాక్టరీ పెట్టకుండా, పోటీదారుకు దక్కకుండా చేయడానికి మాత్రమే లైసెన్సు తీసుకున్నాయి.

సుంకం సంగతి ఇంకా మెలికగా ఉంటుంది. ఊహా లెక్క ఒకటి వేద్దాం. విదేశీ ఫ్యాన్ ధర 1,000 రూపాయలు, దాని మీద 50 శాతం సుంకం. కాబట్టి ఇక్కడి కంపెనీ తన ఫ్యాన్‌ను 1,500 దాకా అమ్ముకోవచ్చు. ఫ్యాన్‌లోకి వెళ్లే రాగి, బేరింగులు వగైరా ప్రపంచ ధరలో 600, వాటి మీద సుంకం 10 శాతమే కాబట్టి ఇక్కడ 660. బయటి కంపెనీ 600 సరుకును 1,000 చేస్తుంది, అంటే 400 విలువ జోడిస్తుంది. ఇక్కడి కంపెనీ అదే పనికి 1,500లోంచి 660 తీసేస్తే 840 దాకా తీసుకోవచ్చు. 400 పనికి 440 అదనం. అంటే కాగితం మీద రక్షణ 50 శాతం, నిజానికి 110 శాతం. అదే పనిని రెట్టింపు ఖర్చుతో చేసినా కంపెనీ బతికేస్తుంది, ఆ ఖర్చు కొనేవాళ్ల జేబులోంచి వస్తుంది. చాలా వస్తువుల విషయంలో సుంకం కట్టడానికి సిద్ధపడినా దిగుమతికి అనుమతే లేదు.

స్కూటర్ బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూసిన తరం ఇంకా మన ఇళ్లలో ఉంది. కంపెనీ ఎంత తయారుచేస్తే అంతా అమ్ముడుపోతుంటే మోడల్ మార్చాల్సిన ఒత్తిడి ఎక్కడుంటుంది? 1950ల నుంచి 1960ల మధ్య దాకా ఏటా సుమారు 7 శాతం పెరిగిన పరిశ్రమల ఉత్పత్తి, తర్వాతి పదిహేనేళ్లలో 4 శాతం దగ్గరికి పడిపోయింది. కరువులు, యుద్ధాలు, చమురు ధరలు, ప్రభుత్వ పెట్టుబడి తగ్గడం కొంత కారణమని కొందరు ఆర్థికవేత్తలు అంటారు. జగదీష్ భగవతి లాంటివాళ్లు లైసెన్సు వ్యవస్థనే ప్రధాన దోషిగా చూపారు. రెండూ కలిసే దెబ్బకొట్టాయని నా అభిప్రాయం.

మందుల పరిశ్రమ: ఒక ఫ్యాక్టరీ, ఒక చట్టం

పైన చెప్పిన లెక్క ప్రకారమైతే హైదరాబాద్ ఫార్మా పుట్టకూడదు. ఎలా పుట్టింది?

1911 నాటి పేటెంట్ చట్టం ప్రకారం ఒక మందు మీద పేటెంట్ ఉంటే, దాన్ని ఏ పద్ధతిలోనూ ఇంకొకరు తయారుచేయడానికి లేదు. విదేశీ కంపెనీలు పేటెంట్ ఇక్కడ తీసుకుని, మందును బయటినుంచి తెచ్చి అమ్మేవి. పేద దేశంలో ధరలు ఎక్కువగా ఉండటానికి ఇది ముఖ్య కారణం. జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970లో కొత్త పేటెంట్ చట్టం చేశారు, 1972లో అమల్లోకి వచ్చింది. మందులకు ఇకనుంచి తయారీ పద్ధతి మీదే పేటెంట్, వస్తువు మీద ఉండదు. అదీ గరిష్ఠంగా ఏడేళ్లే.

ఒక బీపీ మందును విదేశీ కంపెనీ ఆరు దశల్లో తయారుచేస్తోందనుకుందాం. హైదరాబాద్ కెమిస్ట్ వేరే ముడి పదార్థంతో మొదలుపెట్టి నాలుగు దశల్లో అదే మందు దగ్గరికి చేరాడు. పాత చట్టంలో అది పేటెంట్ ఉల్లంఘన. కొత్త చట్టంలో అది సొంత పద్ధతి, పైగా చవక. అంటే చట్టం కాపీ కొట్టడాన్ని అనుమతించి ఊరుకోలేదు. కొత్త దారి వెతికినవాళ్లకు మార్కెట్ ఇచ్చింది. దారి వెతకాలంటే రసాయన శాస్త్రం బాగా రావాలి.

ఆ విద్య నేర్చుకోవడానికి నగరంలో అప్పటికే రెండు చోట్లున్నాయి. ఒకటి తార్నాకలో రీజినల్ రీసెర్చ్ లాబొరేటరీ, ఇవాళ్టి ఐఐసీటీ. నిజాం కాలంలో 1944లో మొదలై 1956లో కేంద్ర పరిశోధనా సంస్థ సీఎస్ఐఆర్ కిందికి వచ్చింది. రెండోది ఐడీపీఎల్. 1961లో కంపెనీ ఏర్పడింది, కొన్నేళ్లకు హైదరాబాద్ ప్లాంటు సల్ఫా మందులు, విటమిన్లు తయారుచేయడం మొదలుపెట్టింది. టన్నుల లెక్కన రియాక్టర్ నడపడం, సాల్వెంట్ తిరిగి రాబట్టడం, ఒక బ్యాచ్ ఎందుకు చెడిందో పట్టుకోవడం లాంటి పనులు చదువుతో మాత్రమే రావు, ప్లాంట్‌లో షిఫ్టులు చేస్తేనే వస్తాయి. అలా వేలమందికి చేయి తిరిగింది. కె. అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. బయటికొచ్చి బల్క్ డ్రగ్ కంపెనీలు మొదలుపెట్టి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ దారిలో ఇంకెందరో నడిచారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో యూనిట్లు బారులు తీరాయి.

ఐడీపీఎల్ మాత్రం చితికిపోయింది. మందుల ధరల మీద ప్రభుత్వ నియంత్రణ, అవసరానికి మించిన సిబ్బంది, పాతబడిన టెక్నాలజీ, ప్రతి నిర్ణయానికీ పై అనుమతి. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లతోనే పోటీ పడలేకపోయింది. 1992లో ఖాయిలా పరిశ్రమగా ప్రకటించారు, 2016లో కేంద్ర కేబినెట్ మూసివేతకు నిర్ణయించింది. బ్యాలెన్స్ షీట్ చూస్తే ఐడీపీఎల్ వైఫల్యమే. దాని వల్ల పుట్టిన పరిశ్రమను కలిపి చూస్తే స్వతంత్ర భారతం పెట్టిన మంచి పెట్టుబడుల్లో అదొకటి. ఏ కంపెనీ ఖాతాలోనూ కనిపించని ఈ లాభాన్ని వదిలేసి ప్రభుత్వ రంగాన్ని తూచడం అన్యాయం.

ఇందులో ఇంకో ఖర్చు కూడా ఎవరి ఖాతాలోనూ కనిపించదు. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు రసాయన వ్యర్థాలతో పాడయ్యాయి. పొలాలు పోయిన రైతుల గోడు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఫ్యాక్టరీలను ఆహ్వానించిన విధానంలో వాటి మురుగు ఎక్కడికి పోవాలన్న ఆలోచన చాలా ఆలస్యంగా వచ్చింది.

రక్షణ ఒకటే, ఫలితాలు వేరు

ఈసీఐఎల్‌ది కూడా నేర్పిన కథే. మొగల్లు గ్రామంలో పుట్టిన ఏఎస్ రావు నడిపిన ఈ సంస్థ 1969లో టీడీసీ-12 కంప్యూటర్ తయారుచేసింది. బయటి దేశాలు ఇవ్వని అణు పరికరాలను సొంతంగా చేసుకోవాల్సి రావడంతో ఇక్కడివాళ్లకు నేర్చుకోక తప్పలేదు. మామూలు మార్కెట్ కంప్యూటర్లలో మాత్రం అదే రక్షణ అంతగా పనిచేయలేదు. ఇక్కడి యంత్రాలు ఖరీదు ఎక్కువ, ప్రపంచం వేగంగా ముందుకెళ్లింది.

1942లో పుట్టిన ఆల్విన్ బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, జపాన్ కంపెనీ సీకో సాయంతో వాచీలు చేసింది. ప్రతి తెలుగింట్లో పేరున్న కంపెనీ 1990ల పోటీకి నిలవలేదు. 2016లో మూతకు నిర్ణయమైన సంస్థల్లో హెచ్ఎంటీ బేరింగ్స్ కూడా ఉంది. మందుల కంపెనీలకు పక్క వీధిలోనే పదిమంది పోటీదారులు ఉన్నారు, 1980ల నుంచి ఎగుమతి మార్కెట్ కూడా పరీక్ష పెట్టింది. ఫ్రిజ్‌ల కంపెనీకి చాలాకాలం ఆ రెండూ లేవు. దక్షిణ కొరియా కూడా తన కంపెనీలకు రక్షణ, చవక అప్పు ఇచ్చింది. అయితే ఎగుమతి లక్ష్యం చేరకపోతే సాయం ఆపేసేది. మన దగ్గర రక్షణకు గడువూ షరతూ లేకపోవడమే పెద్ద లోపమని నేను అనుకుంటాను.

1991లో ఏం మారింది?

విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మిగిలింది. జూలై 24న పీవీ నరసింహారావు ప్రభుత్వం కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించింది. పరిశ్రమల శాఖ ఆయన దగ్గరే ఉంది. 18 పరిశ్రమలు మినహా మిగతావాటికి లైసెన్సు తీసేశారు. ప్రభుత్వ రంగానికి ప్రత్యేకించిన జాబితా 17 నుంచి 8కి తగ్గింది. ఆ తర్వాత సుంకాలు మెల్లగా తగ్గాయి.

తలుపులు తెరవడమే వృద్ధికి కారణమని ఒక వాదన. ముందు నాలుగు దశాబ్దాలు పోగైన నైపుణ్యం లేకపోతే తలుపులు తెరిచినా బయటికి వెళ్లేవాళ్లు ఉండేవారు కాదని ఇంకో వాదన. హైదరాబాద్ ఫార్మా రెండోదానికి బలమైన ఆధారం, బీహెచ్ఈఎల్ ఎన్సిలరీలు కూడా. కానీ 1975 నుంచే ఈ తలుపులు కొంచెం కొంచెంగా తెరిచి ఉంటే ఎంత బాగుండేదన్న ప్రశ్నను రెండో వాదన దాటలేదు.

2005 జనవరి నుంచి మందుల మీద వస్తు పేటెంట్ తిరిగి వచ్చింది. అప్పటికి మన కంపెనీలు జెనరిక్స్‌లో, అంటే పేటెంట్ గడువు తీరిన మందుల తయారీలో, నిలదొక్కుకున్నాయి. వాటికి పునాది అయిన ముడి సరుకు మాత్రం చేజారింది. చైనా ధరలకు తట్టుకోలేక, యాంటీబయాటిక్‌లకు ముడి సరుకైన పెన్సిలిన్-జీ తయారీ ప్లాంట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కోవిడ్ వచ్చే నాటికి బల్క్ డ్రగ్ దిగుమతుల్లో మూడింట రెండొంతులు ఒక్క చైనా నుంచే వస్తున్నాయి.

మళ్లీ వచ్చిన విధానం

2020 మార్చిలో కేంద్రం బల్క్ డ్రగ్స్‌కు 6,940 కోట్ల రూపాయల పీఎల్ఐ ప్రకటించింది. పీఎల్ఐ అంటే తయారుచేసి అమ్మిన సరుకు విలువలో కొంత శాతం ప్రోత్సాహకంగా ఇవ్వడం. లైసెన్సులా ముందు అనుమతితో ఆపదు, అమ్మకం చూపించాకే డబ్బు. ఫర్మెంటేషన్‌తో, అంటే సూక్ష్మజీవులను పెంచి, చేసే మందులకు మొదటి నాలుగేళ్లు 20 శాతం, ఐదో ఏడు 15, ఆరో ఏడు 5. పైగా విలువలో కనీసం 90 శాతం ఇక్కడే జోడించాలి.

ఈ పథకం కింద హైదరాబాద్ కేంద్రంగా ఉన్న అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ కాకినాడ దగ్గర పెన్సిలిన్-జీ ప్లాంటు పెట్టింది. 2024లో ఉత్పత్తి మొదలైంది. ఇక్కడ గడువూ ఉంది, షరతూ ఉంది. ప్రోత్సాహకం 2028–29తో ఆగిపోతుంది. అప్పటికి చైనా ధర ఇంకా తగ్గి ఉంటే, ప్రభుత్వం సుంకం పెంచి ఆ ప్లాంటును కాపాడొచ్చు. కానీ ఆ సుంకం భారం పెన్సిలిన్-జీ కొని యాంటీబయాటిక్ తయారుచేసే జీడిమెట్ల, బొల్లారం చిన్న యూనిట్ల మీద పడుతుంది.